నువ్వు ఏడుస్తాంటే

గురువారం మధ్యాహ్నం అమీర్ బీ వారపత్రిక చంకన పెట్టుకొని గడప దాటిందంటే ఆ ఇంట్లో రాట్నాలు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకొని తిరిగేవి. చప్పుడు ఎక్కువైతే హనుమంతమ్మ ఊరుకోదు. పత్రికలోని సీరియల్లో డాక్టర్ శశాంక్ ఏమన్నాడో ఒక్క ముక్క వినపడకపోయినా ఆమెకు ఆ వారమంతా అన్నం సయించదు.

ధర్మవరంలో ఆ వీధంతా నేతగాళ్ల ఇళ్లే. ముందరి గదిలో గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకొని నేస్తూ హనుమంతమ్మ కొడుకు ముత్యాలప్ప. గోడ వారగా రాట్నాల మీద పట్టు దారం కండెలకు చుడుతూ హనుమంతమ్మ, పక్కింటి చెన్నమ్మ, కోడలు రామసుబ్బమ్మ. అమీర్ బీ ఎదురింటావిడ, సైకిల్ షాపు కరీం సాబ్ భార్య. ఎనిమిదో తరగతి దాకా చదివింది. చదివేటప్పుడు డాక్టరుకు ఒక గొంతు, అతన్ని పెళ్లాడిన నర్సు వసంతకు ఒక గొంతు పెట్టేది.

ఆ సీరియల్ రాసేది రామసుబ్బమ్మ. ఆ సంగతి ఆ గదిలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

పత్రికలో పేరు నీలవేణి అని పడేది. అడ్రసు కదిరిలోని పుట్టింటిది. ఎడిటరు రాసే ఉత్తరాలు ఆమె తల్లి ట్రంకుపెట్టెలో దాచి ఉంచేది. ఇక్కడ రాసుకోవడానికి దారి అనుకోకుండా దొరికింది. మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం రూళ్ల నోటుబుక్కు ముందేసుకొని కూర్చుంటే అత్త వచ్చి, "రామకోటేనా?" అంది. రామసుబ్బమ్మ తలూపింది. అంతే. ఆ తర్వాత ఎవరు వచ్చినా హనుమంతమ్మ వాకిట్లోనే ఆపేది. "మా కోడలు రామకోటి రాస్తాండాది, పలకరించొద్దండి" అని గర్వంగా చెప్పేది. అందుకని ప్రతి నోటుబుక్కులోనూ మొదటి పది పేజీలు శ్రీరామ నామంతో నింపడం రామసుబ్బమ్మకు అలవాటైంది. చిత్తు కాగితాలు పొయ్యిలోకి, సాపు కాగితాలు స్టేషను దగ్గరి పోస్టు డబ్బాలోకి పోయేవి.

ఆమె సముద్రం చూడలేదు. జవుళి కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండరులో ఒక సముద్రం ఉంటే దాన్నే విశాఖపట్నం చేసి, ఒడ్డున డాక్టరుకు మేడ కట్టింది. మాటలు కూడా కట్టుడు మాటలే. మనసులో 'పోయినాడు' అని పుట్టిన మాటను కాగితం మీద 'వెళ్లిపోయాడు' అని పెట్టేది. బియ్యంలో రాళ్లు ఏరినట్లు సాపు రాసేటప్పుడు తన ఊరి మాటలన్నీ ఏరిపారేసేది. ప్రేమించుకునేవాళ్లు ఆ భాషలోనే మాట్లాడుకుంటారని ఆమె చదివిన పుస్తకాలన్నీ నేర్పాయి.

గురువారాలు ఆమెకు పండగా కాదు, శిక్షా కాదు. బాగుందని ఆడవాళ్లు పొగిడితే ఆ పొగడ్త నీలవేణికి పోయేది. తిడితే మాత్రం ఆ తిట్టు నేరుగా వచ్చి రామసుబ్బమ్మ కడుపులో కూర్చునేది. ఇద్దరూ ఒకరే అని తెలిసి కూడా ఆ పంపకాన్ని ఆమె సరిచేసుకోలేకపోయింది.

ఆ గురువారం పొద్దున్నించీ ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. ఎండాకాలం, అదీ ఎనభయ్యో సంవత్సరం ఎండ. వాన ముఖం చూసి రెండేళ్లు. ఎండిన గాలికి పట్టు పోగు ఊరికే తెగిపోతుంది, గుంటలో నీళ్లు చల్లి తేమగా ఉంచాలి. తాగడానికే లేని నీళ్లు గుంటలో ఎవరు చల్లుతారు? ముత్యాలప్ప పది వరసలు నేస్తే ఒకసారి ఆగి పోగు అతుక్కుంటున్నాడు. అతను ఆగినప్పుడల్లా రామసుబ్బమ్మ తలెత్తి చూస్తోంది.

ఈ వారం భాగంలో అతని మాట ఉంది.

పెళ్లయిన రెండో ఏడు, అత్త సంతకు పోయినప్పుడు, రామసుబ్బమ్మ చేతిలోంచి కత్తెర జారి మగ్గానికి బిగించిన నిలువు పోగుల పడుగు మీద పడింది. వంద పోగులకు పైగా తెగాయి. ఎవరిదో పెళ్లి చీర. ఆమె నిలబడినచోటే ఏడ్చింది. ముత్యాలప్ప తిట్టలేదు. ఒక్కొక్క కొస వెతికి పట్టుకొని అతుకుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "పోగు తెగితే అతుకుతా. నువ్వు ఏడుస్తాంటే నాకు చెయ్యాడదు."

ఏడేళ్ల కాపురంలో అతను అన్న ప్రేమ మాట అదొక్కటే. తర్వాత నీళ్లు, అన్నం, కండెలు, ఇవే మాటలు. అతను చెడ్డవాడు కాడు. ఒక మనిషికి ఒక మాట చాలు అనుకునే రకం. రామసుబ్బమ్మ ఆ మాటను ఎన్నిసార్లు తీసి చూసుకుందో లెక్కలేదు. చివరికి ఒకరోజు, వసంత చేతిలోంచి ఆపరేషను సామాను జారిపడే చోట, అది తనంతట తనే వచ్చి డాక్టరు నోట్లో కూర్చుంది. సాపు రాసేటప్పుడు మార్చి చూసింది. 'నువ్వు ఏడుస్తుంటే నా చేతులు పనిచేయవు' అని రాసింది. చచ్చిన చేపలా ఉంది. కొట్టేసి ఉన్నదున్నట్లు రాసింది. ఎడిటరు దిద్దుతాడులే అనుకుంది. పోస్టు డబ్బాలో కాగితాలు పడిన చప్పుడు విన్నాక గాని, ఇది ముత్యాలప్ప కూడా వింటాడు కదా అని తట్టలేదు.

అమీర్ బీ చదువుతోంది. ఆపరేషను గది. దీపాలు. వసంత చేతిలో ట్రే వణుకుతోంది.

ఇంకా రెండు పేరాలు.

"అమీరక్కా, నీళ్లు తాగుతావా?" రామసుబ్బమ్మ లేచింది.

"నీళ్లు యాడుండాయే తాపేదానికి, కూచో" అంది హనుమంతమ్మ. "నువ్వు చదువమ్మా. ట్రే పడిందా లేదా?"

ట్రే పడింది. వసంత ఏడ్చింది. అమీర్ బీ గొంతు సవరించుకొని డాక్టరు గొంతు పెట్టింది. "'పగిలిందేదో పగిలింది వసంతా,' అన్నాడు శశాంక్. 'నువ్వు ఏడుస్తాంటే నాకు చెయ్యాడదు.'"

చదివి ఆగింది. పత్రికను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "ఏడుస్తాంటే అనే ఉండాదే. అచ్చు తప్పేమో."

చెన్నమ్మ పకపకా నవ్వింది. "వైజాగు డాక్టరంటిరి కదా. మన వీధిలోంచి పోయినట్లుండాడే. వానికీ మగ్గముండాదేమో అడగండి."

"ఏమన్నా అనండి, మాట బాగుండాది" అంది హనుమంతమ్మ. "మొగోడంటే అట్లనాల. మా ఆయప్ప బతికినన్ని దినాలు ఒక్కపారి అనింది లేదు."

మగ్గం ఆగి ఎంతసేపయిందో రామసుబ్బమ్మకు తెలియలేదు. నవ్వులు సద్దుమణిగాక ఆ నిశ్శబ్దం వినపడింది.

"ఇంగొకసారి చదువు అమీరక్కా" అన్నాడు ముత్యాలప్ప. ఇన్ని గురువారాల్లో అతను నోరు తెరవడం అదే మొదలు.

అమీర్ బీ మళ్లీ చదివింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఎవురు రాసేది దాన్ని?" అని అడిగాడు. "నీలవేణి అంట. యా ఊరో ఏమో" అందామె. అతను పోగును అటూ ఇటూ దూర్చే నాడె తీసుకున్నాడు. మగ్గం మొదలైంది గాని దాని నడక వేరుగా ఉంది, కుంటివాడు తొందరపడినట్లు.

వీధి చివర నీళ్ల ట్యాంకరు వచ్చిందని కేక వినపడగానే ముగ్గురూ బిందెలు పట్టుకొని పరుగెత్తారు. గదిలో ఇద్దరే మిగిలారు.

"ఎవురికి చెప్పినావు?"

అతను తిరిగి చూడలేదు. పడుగుతో మాట్లాడుతున్నట్లే అన్నాడు.

"ఎవురికీ చెప్పలా."

"ఆ దినం ఈడ నువ్వూ నేనే. నేనైతే అనలా ఎవురితోనూ. ఆ నీలవేణి ఆడమనిషేనా? మొగోళ్లు ఆడపేర్లు పెట్టుకొని రాస్తారంట. కరీం సాబ్ అంగట్లో అనుకుంటాంటే విన్నా."

రామసుబ్బమ్మ కండె పక్కన పెట్టింది. ఊరుకుంటే ముక్కూ ముఖం లేని ఒక మగవాడు ఈ ఇంట్లోకి వచ్చి కూర్చుంటాడు, ఇక లేవడు. చెబితే ఆ మధ్యాహ్నాలు పోతాయి. ఆ మధ్యాహ్నాలు పోతే తనలో ఏం మిగులుతుందో ఆమెకు నిజంగా తెలియదు. భయం అక్కడుంది. మొగుడంటే కాదు, ఆ ఖాళీ అంటే.

"నేనే నీలవేణి" అంది. "అది రామకోటి కాదు."

అతను గుంటలోంచి లేచాడు. గూట్లో ఉన్న నోటుబుక్కు తీసి తెరిచాడు. శ్రీరామ శ్రీరామ శ్రీరామ. పేజీ తిప్పాడు. శ్రీరామ. పది పేజీల తర్వాత తెల్ల కాగితం.

"యాడుండాది కథ?"

"చిత్తు పొయ్యిలో వేస్తా. ఉత్తరాలు కదిరిలో ఉండాయి."

"మీ నాయన ఇంట్లో వాని ఉత్తరాలు కూడా ఉండాయా?"

నిజం చెప్పేకొద్దీ అది అబద్ధంలా తయారవుతోంది. కథల్లో ఇలాంటి చోట వసంత అయితే ఏడ్చేది, డాక్టరు కరిగిపోయేవాడు. రామసుబ్బమ్మకు ఏడుపు రాలేదు. ఇప్పుడు ఏడిస్తే ఆ మాటను రెండోసారి అమ్ముకున్నట్లవుతుందనిపించింది.

ముత్యాలప్ప నోటుబుక్కు మూశాడు. "సరే, నువ్వే రాస్తాండావనుకో. వచ్చే గురువారం ఏమైతాదో చెప్పు."

ఆమెకు తెలుసు. మూడు వారాల కిందట ఈ వారానిదీ వచ్చే వారానిదీ రెండు భాగాలూ కలిపే పంపింది. తెలుసు కాబట్టే మళ్లీ కండె చేతిలోకి తీసుకుంది.

"చెప్పు."

"వసంత పోతాది."

"యాడికి?"

"రైలెక్కి. ఆయనకు చెప్పకుండా. తాళంచెవులు దిండు మీద పెట్టి పోతాది."

అతని ముఖం మారింది. "ఏమి తక్కువైంది దానికి? అంత మంచి మాట అన్నాడు కదా వాడు."

"ఒక్కసారే అన్నాడు" అంది రామసుబ్బమ్మ. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "మళ్లా అంటాడేమోనని దినామూ కనిపెట్టుకొని ఉంటాది. ఉండీ ఉండీ లేచి పోతాది."

ముత్యాలప్ప నోటుబుక్కు గూట్లో ఎక్కడిదక్కడ పెట్టి గుంటలోకి దిగాడు.

ఆ వారం అతను అవసరానికి కూడా మాట్లాడలేదు. నీళ్లు కావాలంటే చెంబు చూపించేవాడు. నోట్లోంచి ఏది వచ్చినా పత్రికకు ఎక్కుతుందని భయపడుతున్నాడా, లేక ఇంకా ఆ మగవాణ్ణి వెతుకుతున్నాడా, ఆమెకు అంతు చిక్కలేదు. హనుమంతమ్మ మాత్రం, "ఏమప్పా, నోట్లో కండె పెట్టుకున్నావా?" అని రెండుసార్లు అడిగింది.

రామసుబ్బమ్మ మనసు ఇంకోచోట చిక్కుకుంది. ఎడిటరు అప్పుడప్పుడూ మారుస్తాడు. ఒకసారి చెంపదెబ్బను కన్నీళ్లుగా మార్చాడు. ఇప్పుడు వసంతను రైలెక్కనివ్వకపోతే తను అబద్ధాలకోరు అవుతుంది. ఎక్కనిస్తే, మొగుడికి తన మనసు అచ్చులో చూపించినట్లవుతుంది. ఏది జరిగితే బాగుండునో ఎంత తడుముకున్నా తెలియలేదు. శనివారానికి తర్వాతి భాగం పోస్టు చేయాలి, అదే చివరిది. నోటుబుక్కు తీసింది. ఒక్క వాక్యం రాలేదు. అత్త చూడకపోయినా కలం ఆపకుండా శ్రీరామ అని రాసింది. అలా నాలుగు పేజీలు రాసింది. మొదటిసారి అవి ఎవరి కళ్లకూ గంతలు కట్టడానికి రాసినవి కావు.

శనివారం పోస్టు డబ్బా వైపు పోలేదు.

గురువారం వచ్చింది. అమీర్ బీ కూర్చోగానే ముత్యాలప్ప నాడె పక్కన పెట్టాడు. వింటున్నానని దాచుకోలేదు.

వసంత ఇల్లంతా ఊడ్చింది. డాక్టరు చొక్కాలు మడత పెట్టింది. "'తాళంచెవులు దిండు మీద పెట్టింది'" అని చదివింది అమీర్ బీ. రామసుబ్బమ్మ కండె మీద నుంచి కళ్లెత్తలేదు. మెడ మీద అతని చూపు తగులుతోంది. రైలు కదిలింది. సముద్రం వెనక్కి పోయింది. అయిపోయింది.

"పోయేకాలం దానికి" అంది చెన్నమ్మ. "బంగారట్లాంటి మొగోణ్ణి వదిలి రైలెక్కుతాదా?"

హనుమంతమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ వెంటే కోపం వచ్చింది. "అది కాదే, రాసినదాన్ని అనాల. దాని చేతులు పడిపోను. కాపురాలు చెరిపే ముండ."

"అమ్మా" అన్నాడు ముత్యాలప్ప. "ఊరికే నోరు పారేసుకోవద్దు. ఎవురి కష్టం వాళ్లకుండాది."

"నీకేమిరా దాని మీద అంత ఇది?"

"ఏం లేదు. తిట్టొద్దంటాండా. అంతే."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అమీర్ బీ పత్రిక మడిచి చంకన పెట్టుకుంది. కాసేపటికి నీళ్ల కేక వినపడి అందరూ బిందెల కోసం లేచారు. రామసుబ్బమ్మ కూడా లేచింది గాని గడప దాకా పోయి ఆగింది.

వెనక మగ్గం నాలుగు వరసలు నడిచింది. పోగు తెగింది. ఆ శబ్దం వినపడేది కాదు, మగ్గం ఆగితేనే తెలుస్తుంది.

"ఆ పిల్ల మళ్లా వస్తాదా?" అని అడిగాడు.

ఆమె తిరిగి చూసింది. వారం నుంచి ఆమె కలం ఆగింది ఆ ప్రశ్న దగ్గరే. వస్తుందని చెప్పడం తేలిక. పాఠకులకూ అదే కావాలి, ఎడిటరుకూ అదే కావాలి. డాక్టరు ఏదో ఒక మాట అంటాడు, వసంత దిగి వస్తుంది. ఆ మాట ఏదో కల్పించి రాయడం ఆమెకు చేతనైన పనే. కాని అడుగుతున్నది పాఠకుడు కాదు.

"ఇంగా రాయలా" అంది.

ముత్యాలప్ప తల ఊపాడు. తెగిన పోగు రెండు కొసలూ అతని వేళ్ల మధ్య ఉన్నాయి. కళ్లు మూసుకొని కూడా అతకగలిగినవాడు, అతకకుండా వాటిని అలాగే పట్టుకొని కూర్చున్నాడు. పెదవులు ఒకసారి కదిలాయి. రామసుబ్బమ్మ గడప దగ్గర్నించి కదల్లేదు. ఆమె ఏడవడం లేదు. అయినా అతనికి చెయ్యాడలేదు.