నాలుగో బెజ్జం

పెళ్లయి నాలుగు నెలలైనా బోమికి ఇంకా ప్రతి పనీ పండగే. ఉతికి ఆరేసిన దిండు గలీబులు గాలికి పొట్టలు ఉబ్బించుకుంటే నవ్వొచ్చేది. సూహన్ తుమ్మగానే గోడ మీద పిల్లి ఉలిక్కిపడితే మళ్లీ నవ్వొచ్చేది. సియోల్‌లో పదకొండో అంతస్తులో పెరిగిన పిల్ల, జేజు ద్వీపం తూర్పు ఒడ్డున ఉన్న ఈ ఊరికి కోడలై వచ్చి ఒక వాకిలికి యజమానురాలైంది మరి.

ఒకే వాకిట్లో ఎదురెదురుగా రెండు నల్లరాతి ఇళ్లు. లోపలి పెద్దిల్లు సెలవులకు వచ్చే అతిథులకి. బయటి చిన్నిల్లు వీళ్లిద్దరికీ. అదెంత చిన్నదంటే, రాత్రి ఒకరు పక్కకి ఒత్తిగిలాలంటే రెండోవారిని అడగాలి. బోమికి అదీ బాగానే ఉంది.

పనులు పంచుకున్నారు. ఇంటి కప్పు కారితే సూహన్ చూసుకోవాలి, అతిథి కళ్లు కారితే బోమి చూసుకోవాలి. పక్కలు మార్చడం, బూజులు దులపడం, వచ్చేవాళ్లకి దారి చెప్పడం ఇద్దరిదీ. చీటీలు రాయడం మాత్రం బోమిదే. అదంటే ఆమెకి మహా సరదా. కిటికీ పక్కన, ‘ఇది కాస్త మొండిది, బుజ్జగించి తెరవండి’ అని ఒకటి. వేణ్నీళ్ల కుళాయి దగ్గర, ‘మొదట చన్నీళ్లే వస్తాయి, అలగకండి’ అని ఇంకొకటి.

మిగిలింది వీధి గుమ్మం. ఆ ఊళ్లో పాత ఇళ్లకి గేట్లుండవు. అటొకటి ఇటొకటి రాతిస్తంభాలు, వాటికి బెజ్జాలు, బెజ్జాల్లో అడ్డంగా దూర్చే మూడు కర్రలు, అంతే. వీళ్లెప్పుడూ ఇంట్లోనే ఉండేవాళ్లు కాబట్టి ఆ కర్రలు గోడవారన పడుండేవి.

“ఏయ్, వాటి సంగతి కూడా రాయాలిగా. మూడూ పెడితే ఏంటర్థం?” అంది బోమి, కమలాపండు ఒలుస్తూ.

సూహన్ నూడుల్స్ గిన్నెలోంచి తలెత్తాడు. “మూడూ పెడితే ఎవరూ...”

అతను నోరు తెరవడమే ఆలస్యం, బోమి అందులో ఓ తొన కుక్కింది. మిగతా మాట తొనతో పాటు లోపలికి పోయింది. అతను కూడా ఓ తొన లాక్కుని ఆమె వెంటపడ్డాడు. ఆపైన ఇద్దరికీ కర్రల గురించి మాట్లాడుకునే తీరిక లేకపోయింది.

ఎవరూ లేరని అతను చెప్పబోయాడు. ఎవరూ రాకూడదని ఆమె రాసింది. ‘మీకు ఏకాంతం కావాలంటే మూడు కర్రలూ పెట్టుకోండి. ఎవ్వరూ రారు!’ అని రాసి, పక్కన ఓ నవ్వుమొహం కూడా గీసింది.

ఈ ఇల్లు నిలబడుతుందో లేదో ఇంకా తేలలేదు. రెండేళ్ల కిందట పై ఊళ్ల నుంచి వచ్చినవాళ్లెవరో సముద్రం పక్కన ఇలాగే ఓ అతిథుల ఇల్లు పెట్టారు. అక్కడ దిగినవాళ్లు తెల్లవార్లూ పాటలు పాడి ఊరికి నిద్ర లేకుండా చేశారు. అప్పట్నుంచి అలాంటి ఇళ్లంటే ఊరికి మంట. సూహన్ ఇక్కడే పుట్టినవాడని ఒక నెల గడువిచ్చారు. శనివారం ఊరి కూటమిలో ఉంచాలా, మూయించాలా అన్నది తేలుస్తారు. కూటమి అంటే పేరుకి అరవైమంది, మాట మాత్రం చున్‌వల్ అవ్వది.

చున్‌వల్ అవ్వది గోడ అవతలి ఇల్లే. డెబ్బై తొమ్మిదేళ్లు. ఇప్పటికీ ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి, రాళ్ల సందుల్లోంచి నత్తలు పట్టుకొస్తుంది. అలా మునిగే ఆడవాళ్లందరికీ పెద్ద. నడుము సగానికి వంగిపోయింది గానీ గొంతు ఇసుమంతైనా వంగలేదు. చిన్నప్పుడు సూహన్‌కి స్నానాలు చేయించిన మనిషి కాబట్టి పిలవకుండా వస్తుంది, తెరవకుండానే కుండలో ఏముందో చెబుతుంది.

“ఏమే సియోల్ పిచ్చుకా, ఇది పులుసా, నువ్వు కాళ్లు కడిగిన నీళ్లా?”

“పులుసే, అవ్వా.”

“పాపం, దానికా సంగతి తెలియదు.”

నాలుగు నెలల్లో ఆమె నోట బోమి విన్న మెచ్చుకోలు ఒక్కటంటే ఒక్కటి లేదు. శనివారం ఇంకెన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టుకునేది.

బుధవారం అతిథులొచ్చారు. తేజాన్ నుంచి నమ్‌గుంగ్ అనే పళ్ల డాక్టరు, ఆయన భార్య. ఆవిడ ముందే కబురు పెట్టింది: ‘మాకు సముద్రం వద్దు, కొండ వద్దు. నిద్ర కావాలి.’ వస్తూనే చీటీలన్నీ చదివి, కర్రల చీటీ దగ్గర ఆగి, “అబ్బ, ఎంత మంచి ఊరు!” అంది.

గురువారం సంత. బోమి, సూహన్ పొద్దున్నే బండేసుకుని వెళ్లారు. వెళ్లేముందు బోమి దుప్పట్లన్నీ ఎండలో ఆరేసింది. వాళ్లలా వెళ్లగానే డాక్టరుగారు మూడు కర్రలూ దూర్చి, తలుపేసుకుని పడుకున్నాడు.

సంతలో వేడివేడి బియ్యప్పిండి కుడుములు తిని, రంగు బాగుందని అక్కర్లేని చెంబొకటి కొని బయటికొచ్చేసరికి ఆకాశం నల్లబడింది.

“అయ్యో, దుప్పట్లు!” అని బోమి అరిచింది.

బండి ఊరు చేరేసరికి కుండపోత. వాకిట్లో దుప్పట్లు లేవు. గోడవారన ఉండాల్సిన కర్రలు గుమ్మం మధ్య నేల మీదున్నాయి. పెద్దింటి వసారాలో సముద్రంలోకి వేసుకునే నల్లదుస్తుల్లో ఐదుగురు ముసలమ్మలు వరసగా కూర్చున్నారు. వాళ్లు నీళ్ల మీద పట్టుకుని తేలే నారింజరంగు ఈతబుర్రలు గుమ్మడికాయల్లా పక్కనే ఉన్నాయి. వాళ్ల ఎదురుగా ముఖమంతా నిగారింపు కోసం వేసుకునే తెల్లటి మాస్కు అంటించుకుని, కళ్లకీ నోటికీ మాత్రం కన్నాలతో, లోపల వేసుకునే పొడుగు లాగులో డాక్టరుగారు చేతులు పైకెత్తి నిలబడున్నాడు. చున్‌వల్ అవ్వ చేతిలో చీపురుంది.

“దెయ్యం కాదండీ, మా ఆయన!” అని పక్కగది తలుపు సందులోంచి డాక్టరమ్మ మొత్తుకుంటోంది.

జరిగింది తలో ముక్కా చెబితే గానీ అర్థం కాలేదు. సముద్రం నుంచి వస్తున్న ముసలమ్మలు మూడు కర్రలు చూశారు. ఇంట్లోవాళ్లు ఊరు వదిలి ఎటో పోయారనుకున్నారు. వానొస్తోంది, దుప్పట్లు తడుస్తాయి. వచ్చి తీశారు, మడతపెట్టారు, గదిలో వేద్దామని తలుపు తీశారు. చీకట్లో ఎత్తుగా కనిపించింది పరుపులే అనుకుని ఆరు దుప్పట్లూ డాక్టరుగారి మీద వేశారు. వాన తగ్గేదాకా వసారాలో కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పుకున్నారు. లేస్తే మాట్లాడాల్సొస్తుందని ఆ బరువు కింద ఆయన ముప్పావుగంట ఓర్చుకుని, చివరికి ఊపిరాడక లేచి బయటికొచ్చాడు.

“పిల్లవాడా, మూడు కర్రలు పెట్టి మనుషుల్ని లోపల దాచావేంట్రా?” అవ్వ సూహన్ మీదికి లేచింది.

“నేను పెట్టలేదవ్వా!”

“నేనే పెట్టానండీ,” అన్నాడు డాక్టరు మాస్కులోంచి. “చీటీలో అలాగే ఉంది.”

చీటీ తెచ్చి చదివారు. నవ్వుమొహం దాకా చదివారు. ఎవరూ నవ్వలేదు.

అవ్వ చీపురు కింద పెట్టింది. “ఒక కర్ర అంటే పక్కింటిదాకా పోయాం అని. రెండంటే పొద్దుగూకేసరికి వస్తాం అని. మూడంటే దూరం పోయాం, ఇల్లు మీ మీద వదిలిపెట్టాం అని. ఈ ఊళ్లో మనిషి అబద్ధమాడతాడు, చేపలు పట్టేవాడు రోజూ ఆడతాడు. కర్ర ఆడదు. కర్ర చేత అబద్ధమాడించే ఇల్లు ఈ సందులో ఎందుకే, పిల్లా?”

బోమికి తల కొట్టేసినట్టయింది. “తప్పు నాదే, అవ్వా. నాకు తెలియక రాశాను. సగం మాట విని రాశాను.”

“మిగతా సగం ఏమైంది?”

సూహన్ చెవులు ఎర్రబడ్డాయి. “కమలాతొన... మింగేశానవ్వా.”

ముసలమ్మల్లో ఒకామె కిసుక్కుమంది. అవ్వ మాత్రం నవ్వలేదు.

డాక్టరమ్మ మెల్లిగా బయటికొచ్చింది. “కోప్పడకండి, అవ్వగారూ. ముప్పై ఏళ్లుగా ఈయన చుట్టూ నోళ్లు తెరుచుకున్న జనమే. రెండ్రోజులు ఎవరూ నోరు తెరవని చోటుకి పోదామని వచ్చాం. ఇంట్లోనే ఉన్నాం, ఇప్పుడు పిలవకండి అని చెప్పే కర్ర మీకేదైనా ఉందా?”

“ఇంట్లో ఉండి మనిషిని వద్దనేవాడికి కర్రెందుకు? దుప్పటి ముసుగేసుకుంటే చాలు.”

“ఆరు వేశారుగా,” అన్నాడు డాక్టరు.

ఈసారి నలుగురు ముసలమ్మలూ పకపకా నవ్వారు.

బోమి అప్పటికే వానలో గుమ్మం దగ్గరికి పరిగెత్తింది. రోజూ చూస్తున్న స్తంభమే. కర్రలకి మూడు బెజ్జాలు. వాటిపైన, ఛాతీ ఎత్తున, సాలెగూడు పట్టిన మరో బెజ్జం!

“అవ్వా! ఇక్కడ నాలుగోది ఉంది. ఇది దేనికి?”

“ఎవరికి తెలుసు? మా అత్తల నాటి నుంచీ ఖాళీయే.”

“ఖాళీయే అయితే దానికో మాట నేర్పిద్దాం. కింద మూడూ తెరిచే ఉంటాయి, అంటే ఇంట్లో ఉన్నట్టే. పైన ఒక్కటే కర్ర. ఉన్నాం, కాసేపాగి రండి అని. అబద్ధం కాదుగా?”

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. “నా నడుముకి ఆ కర్ర కనపడను కూడా కనపడదు. కింద నుంచి దూరి వచ్చేస్తాను,” అని ఈతబుర్ర వీపుకి తగిలించుకుని వానలోనే వెళ్లిపోయింది. అవుననలేదు, కాదనలేదు.

ఆ సాయంత్రం బోమి మొహం చూడలేక డాక్టరమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. “ఓ మాట చెప్పనా? లోపల్నుంచి అంతా విన్నాను. మీరు పోట్లాడుకుని సియోల్ వెళ్లిపోయారేమో అంది ఒకావిడ. దానికి ఆ గట్టిగొంతు అవ్వ ఏమందో తెలుసా? ‘ఆ పిచ్చుక పోతే ఈ సందు మూగబోతుందే. పొద్దున్నే అది పాడే దిక్కుమాలిన పాట వింటే గానీ నాకు నీళ్లలోకి దిగబుద్ధి కాదు’ అంది.”

బోమి ఏడ్చింది. ఏడుస్తూనే, ఏ పాట అయ్యుంటుందా అని ఆలోచించింది.

శనివారం కూటమిలో అవ్వ లేచి నిలబడింది. చీటీ సంగతి, డాక్టరు సంగతి ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. జనం పెదవి విరిచారు. బోమి సూహన్ చేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది.

“తప్పు తప్పే,” అంది అవ్వ. “అయితే ఆ పై బెజ్జం గురించి రెండ్రోజులుగా ఆలోచిస్తున్నాను. నా పెళ్లినాడు మా వాకిట్లో అత్త, ఆడబిడ్డలు ముగ్గురు, ఒక పంది. నాకు నలుగురు పిల్లలు ఎలా పుట్టారో ఆ సముద్రానికే తెలియాలి. అప్పుడా బెజ్జంలో పెట్టడానికి ఒక్క కర్ర ఉండుంటే...”

నవ్వులతో హాలు దద్దరిల్లింది. ఊరిపెద్ద కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. “ఇంతకీ ఇల్లు ఉండాలా, వద్దా, అవ్వా?”

“ఉండనీ. చీటీలు మాత్రం ముందు నాకు చదివి వినిపించాలి. అది రాస్తుంది, నేను దిద్దుతాను.” ఓ పాత నారింజరంగు ఈతబుర్ర తీసి బోమి ఒళ్లో పడేసింది. రంగు వెలిసి లేత గులాబీకి తిరిగింది. “ఆ కర్రకి ఇది వేలాడదియ్యి. నా ఎత్తుకి వేలాడాలి.”

ఆదివారం డాక్టరు దంపతులు బాగా నిద్రపోయిన మొహాలతో వెళ్లిపోయారు. మళ్లీ అతిథులు బుధవారం గానీ రారు.

సోమవారం పొద్దున బోమి పళ్లు తోముకుంటూ వాకిట్లోకొచ్చి ఆగిపోయింది. పైబెజ్జంలో కర్ర. కర్రకి బుర్ర. అతిథులు లేరు, తాను పెట్టలేదు, సూహన్ ఇంకా గురక పెడుతున్నాడు. తీసేద్దామని పరిగెత్తింది.

గుమ్మానికి అవతల చున్‌వల్ అవ్వ నిలబడుంది. దూరి రాలేదు. నత్తల సంచి గోడ రాయికి తగిలిస్తోంది.

“అవ్వా! రావేం లోపలికి?”

“కర్ర కనపడలా?”

“ఎవరు పెట్టారో తెలియదవ్వా, ఉండు, తీసేస్తున్నా...”

“చెయ్యి తియ్యవే! పెట్టింది నేనే.” అవ్వ అప్పటికే వెనక్కి తిరిగింది. “ఇన్నాళ్లూ వచ్చేపోయేవాళ్ల దుప్పట్లన్నీ ఉతికారు. ఇవాళ మీ దుప్పట్లో మీరుండండి. పులుసు మాత్రం నువ్వు పెట్టకు, వాణ్ని పెట్టమను.”

నురగ నిండిన నోటితో బోమి పకపకా నవ్వింది. పిల్లి గోడ మీంచి దూకి పారిపోయింది. నాలుగు అడుగులు వేసిన అవ్వ మళ్లీ ఆగింది.

“ఏమే, పాటేదీ ఇవాళ? నేను నీళ్లలోకి దిగొద్దా?”