సీసా నల్లబడకముందే

రెండు రోజుల్లో జాలర్ల పాలెంలో పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. పక్కింటి మాలకొండమ్మ భర్త ముత్యాలయ్యను కావలి ఆసుపత్రిలో చేర్చారు. ధనలక్ష్మికి ఇంట్లో కాలు నిలవడం లేదు.

కుళాయి నీళ్లు పరీక్షించడం పాలెంలో ఆమె ఒక్కతికే తెలుసు. నీటి సరఫరా శాఖవాళ్లు పొదుపు సంఘం ఆడవాళ్లలోంచి ఆమెను పిలిచి, మూడు రోజులు నేర్పించి, పరీక్ష మందుల పెట్టె చేతికిచ్చారు. పొద్దున్నే చివరి వీధి కుళాయి నీళ్లు మందున్న పరీక్ష సీసాలో పట్టింది. మురుగు కలిసి ఉంటే సీసా నల్లబడుతుంది. కానీ దానికి ఒక రోజు పట్టొచ్చు, రెండు రోజులైనా పట్టొచ్చు.

అందాకా ఊరుకోలేక, నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో తేల్చే చుక్కలు వేసి చూసింది. ట్యాంకు దగ్గరి నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి. చివరి వీధి నీళ్లు తిరగలేదు. అంటే ట్యాంకులో వేసిన క్లోరిన్ దారిలోనే ఏదో మురికికి ఖర్చయిపోతోంది.

ట్యాంకు చూసుకునే కామాక్షయ్య దగ్గరికి పరుగున వెళ్లింది.

"వాల్వు మూసెయ్యన్నా. నీళ్లలో ఏదో కలుస్తుండాది."

"సీసా నల్లబడిందా?"

"ఇంకా లేదు."

"మరి ఇంజినీరు సారు అడిగితే ఏం చెప్పేది?"

ఆమె అక్కడి నుంచే ఇంజినీరు సుకుమార్‌కు ఫోన్ చేసింది. ఫలితం రానివ్వమ్మా, రేపు చూద్దాం అన్నాడాయన.

కామాక్షయ్య వాల్వు తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు.

"మూస్తా. కానీ ఆడోళ్లు వచ్చినప్పుడు నువ్వే మాట్లాడాల. నాకు నోరు రాదు."

మధ్యాహ్నానికి ఆడవాళ్లు బిందెలతో వచ్చారు. అందరికంటే ముందు మాలకొండమ్మ ఉంది. రాత్రంతా ఆసుపత్రిలో కూర్చుని అప్పుడే వచ్చింది.

"మా నీళ్లు ఆపేదానికి నువ్వెవురుమే? ఇంకాసేపటికి పడవలొస్తాయి. వచ్చినోళ్లకి ఏం పొయ్యాల?"

"ఈ నీళ్లు మంచివి కాదక్కా. ట్యాంకరు పంపమని పంచాయతీకి చెప్పినా."

"యాడ, చూపించు నీ సీసా."

చూపించింది. నీళ్లు తేటగా ఉన్నాయి. మాలకొండమ్మ ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటేనే నయమనిపించింది ధనలక్ష్మికి. ఒకవేళ తనదే తప్పయితే?

కూర్చోలేక పైపు వెంట నడిచింది. కామాక్షయ్య పార భుజాన వేసుకుని వెనకే వచ్చాడు. ఐసు ఫ్యాక్టరీ సందు దాటాక పైపు మురుగు కాలవ కింద నుంచి పోతుంది. పోయిన వారమే అక్కడ పూడిక తీశారు. కామాక్షయ్య మోకాళ్ల లోతు దిగి, బురద తోడి, చేత్తో తడిమాడు.

"జాయింటు ఊడిపోయింది తల్లా. నీళ్లు వదిలినంతసేపూ బయటికి చిమ్ముతాది. ఆపినామంటే మురుగంతా లోపలికి పీల్చుకుంటాది."

ఆమె కాలవ గట్టు మీద కూర్చుంది. తన మాట నిజమైనందుకు సంతోషం కలగలేదు. రోజుకు రెండు పూటలు, వారం పాటు, ఆ నీళ్లే తన పిల్లలకూ పట్టింది.

సాయంత్రం ట్యాంకరు వచ్చింది. మర్నాడు సుకుమార్ మనుషులతో వచ్చి పైపు మార్పించాడు. పనయ్యాక పంచాయతీ ఆఫీసులో కూర్చుని, అనుమతి లేకుండా వాల్వు మూసినందుకు కామాక్షయ్యకు మెమో రాశాడు. సీసా అప్పటికి నల్లబడింది. ధనలక్ష్మి దాన్ని ఆయన బల్ల మీద పెట్టింది.

"మూయించింది నేను సార్. ఆ కాయితంలో నా పేరు రాయండి."

ఆయన సీసా వైపు చూసి, మెమో మడిచి జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు.

నాలుగో రోజు ముత్యాలయ్య ఇంటికొచ్చాడు. మాలకొండమ్మ ఖాళీ బిందెతో ధనలక్ష్మి గుమ్మంలో నిలబడింది.

"కొళాయి వదిలినారు. పట్టుకోవచ్చా?"

ఊరంతా ఇప్పుడు తననే అడుగుతోంది. ఆ బరువు ఆమెకు కొత్తగా ఉంది.

"ఇప్పుడే వద్దక్కా," అంది ధనలక్ష్మి, చెప్పులేసుకుంటూ. "చివరి వీధిలో ఇంకోసారి చూసొస్తా."