ఒక్క పూట మాత్ర

పెరట్లో మూడు రాళ్ల మీద కాగు పెట్టి మహాదేవి నీళ్లు కాస్తోంది. అత్త వెంకటేశ్వరమ్మ మంచాన పడ్డప్పటినుంచి రోజూ ఆ కాగులోనే కాచి పోసింది. ఈరోజు పోసేది ఆఖరు స్నానం. వంటింట్లో పొయ్యి మాత్రం చల్లగా ఉంది. శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, కోడలు మెతుకు ముట్టదు. అత్త చిన్నకొడుకు బెంగళూరు నుంచి రావాలి. బస్సు దొరకలేదని ఫోన్ చేశాడు. పొద్దు వాలితే గానీ శవం లేవదని ముందరింట్లో పెద్దలు అనుకుంటున్నారు.

కట్టె ఎగదోస్తుంటే తల దిమ్మెక్కింది. నిన్న ఆసుపత్రి, ఆటో, ఏడుపుల నడుమ మాత్ర మరిచిపోయింది. ఈరోజు గుర్తుంది, తిండి లేదు. కీళ్ల జబ్బుకు నాలుగేండ్లుగా మింగుతున్న స్టెరాయిడ్ మాత్ర అది. పరగడుపున పడితే కడుపు కాలిపోతుంది. కర్నూలు డాక్టరమ్మ మొగుడూ పెండ్లాలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "ఈ మాత్ర మింగీ మింగీ నీ ఒళ్లు తనకు కావాల్సిన మందు తాను చేసుకోవడం మరిచిపోయిందమ్మా. నన్ను అడక్కుండా ఆపితే కూలబడతావు. జ్వరమొచ్చినప్పుడు, ఇంట్లో పెద్ద కష్టమొచ్చినప్పుడు అసలే ఆపొద్దు. దుఃఖం కూడా ఒంటికి జ్వరం లాంటిదే." అంత చెప్పినా మరిది పెండ్లిలో ఆ పనీ ఈ పనీ అని మాత్ర వదిలేసి, పిండి రుబ్బుతూ రుబ్బుతూ రోటి పక్కనే పడిపోయింది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతుంటే మొగుడు సుంకప్ప అన్న మాట ఒక్కటే: "పెండ్లింట్లో పరువు తీసినావు."

మాత్రతో ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. పొద్దున్నుంచి వచ్చినవాళ్లు అత్త ఎండిన దవడలు చూసి, కోడలి బుగ్గలు చూసి గొణుక్కుంటున్నారు. "ముసలమ్మ కూడంతా కోడలే తిన్నెట్టుండాదే." తెల్లారితే బిగుసుకుపోయి ముడవరాని వేళ్లతోనే అత్తను ఎత్తింది, తిప్పింది, గుడ్డలు ఉతికింది. ఆ వేళ్లు ఎవరికీ కనబడవు, బుగ్గలే కనబడతాయి. పైగా కోడలు ఏడవలేదని ఇంకో మాట. ఏడుపుకూ ఒంట్లో సత్తువ ఉండాలని వాళ్లకు ఎవరు చెప్తారు.

అత్త కూడా ఆమెను తక్కువ కాల్చుకు తినలేదు. "మాత్రలు మేసి బతికే కోడలు దొరికె మాకు" అని ఊరంతా చెప్పుకుంది. మంచాన పడ్డాక మాట మారింది. పొద్దున్నే గంజి తాగించబోతే మూతి తిప్పుకొని, "మింగినావా?" అని అడిగేది. "మింగినా అత్తా" అంటే తప్ప నోరు తెరిచేది కాదు. "నువ్వు పడితే నన్ను తిప్పేదెవురే, నీ మొగుడా?" అనేది. అది ప్రేమో అవసరమో మహాదేవి తేల్చుకోలేదు. ఆ మాట అడిగే మనిషి ఆ ఇంట్లో అత్త ఒక్కతే.

పక్కింటి మాబున్ని గిన్నెడు బొరుగుల ఉగ్గాని తెచ్చింది. "పిల్లోళ్లకు తెచ్చినా. నువ్వూ రెండు ముద్దలు తిను మహాదేవీ, మనిషివి మనిషిగా లేవు." అందుకుందామని లేస్తే కళ్లు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకొని కూర్చుంది. కూర్చొనే గిన్నె ఒళ్లోకి లాక్కుంది. అది ఆడబిడ్డ శివజ్యోతి కంటపడింది.

"మాయమ్మ ఇంకా గడప దాటలే. అప్పుడే నీకు ఉగ్గాని కావాల్సొచ్చెనా వదినా?"

ఆ గొంతుకు సుంకప్ప పెరట్లోకి వచ్చాడు. "మాత్ర ఏసుకోవాల, తినకుంటే కాదు" అని మహాదేవి చెప్పింది.

"నలుగురిలో ఏందిమే ఇది? ఒక్క పూట మాత్ర ఏసుకోకుంటే సస్తావా?"

ఆ మాట ఆయనకు ఊతపదం. ఒక్క పండక్కి పుట్టింటికి పోకుంటే సస్తావా, ఒక్క దినం నడుము వాల్చకుంటే సస్తావా. జవాబు కోసం అడిగేది కాదు కాబట్టి ఇన్నేండ్లూ ఆమె చెప్పలేదు.

"సస్తా" అంది మహాదేవి. గొంతు పెంచలేదు. "డాక్టరమ్మ నీ ముందరే చెప్పింది. పెండ్లిలో పడితే మోసుకోని పోయింది నువ్వే. ఈడ ఒక శవం ఉండాది. రెండోది లేస్తే మొయ్యను నీ తమ్ముడొక్కడు వస్తే సాలదు."

కాగు కింద కట్టె చిటపటమంది. మాబున్ని కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. శివజ్యోతి వదిన ముఖంలోకి ఆరోజు మొదటిసారి చూసింది.  సుంకప్ప పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

మహాదేవి అందరూ చూస్తుండగా తింది. కొంగు ముడి విప్పి మాత్ర మింగింది. డాక్టరమ్మకు ఫోన్ కలపమని మొగుడికి చెప్పి, నిన్న తప్పిందని తానే మాట్లాడింది. ఈ రెండు దినాలు ఎంత వేసుకోవాలో డాక్టరమ్మ చెప్పింది, వాంతులైనా మళ్లీ కళ్లు తిరిగినా వెంటనే రమ్మంది. ఫోన్ పెట్టేసి గోడకు చేరగిలబడింది.   ఇప్పుడెవరేమన్నా వినబడేట్టు లేదు, అంత తేలిగ్గా ఉంది లోపల.

నీళ్లు కాగాయి. అత్తను చాప మీదికి తెచ్చారు. ఆడవాళ్లు చుట్టూ చీర అడ్డం పట్టారు. మహాదేవి చెంబు ముంచి, రోజూ లాగే మోచేతి మీద పోసుకొని వేడి చూసింది. ఎక్కువనిపించి చన్నీళ్లు కలిపింది. పోయబోతూ ఆగి, అత్త చెవి దగ్గరికి వంగింది.

"మింగినా అత్తా" అంది.

పొద్దున్నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.