మేస్త్రి చెప్పాకే స్విచ్చు

"షాకు కొడితే ఎవరొచ్చి చూస్తారే? మీ నాయన మిల్లులో ఉండాడు, ఫోను తీయడు. కొట్టినాక ఏమి చేసేది, చెప్పు!"

అప్పటికింకా ఏమీ జరగలేదు. శివరంజని స్క్రూడ్రైవర్లూ మీటరూ సంచిలో సర్దుకుంటోంది, అంతే. జక్కమ్మకు మాత్రం కూతురు అప్పుడే నేల మీద పడి ఉన్నట్టూ, వీధి వీధంతా గుమిగూడినట్టూ కళ్లకు కట్టేసింది.

"అమ్మా, నేను పోతా ఉండేది పక్కింటికి. బార్డరుకు కాదు," అంది శివరంజని. టీవీలూ ఫోన్లూ బాగుచేసే అంగట్లో పని ఆ పిల్లది.

"బార్డరులో తుపాకి కంటికైనా కనబడుతుంది. కరెంటు కనబడుతుందా?"

అంటూనే వెనకాలే బయలుదేరింది జక్కమ్మ, చేతిలో చపాతీ కర్రతో. షాకు కొడితే ఎండుకర్రతో కొట్టి విడిపించాలని ఎవరో చెప్పగా విని ఉంది.

పక్కింట్లో ధనభాగ్యం బ్యాండేజీ చుట్టలు చుడుతూ కూర్చుంది. పక్క ఊరు సత్రపట్టి నుంచి వచ్చే పల్చటి గుడ్డను కత్తిరించి, చుట్టి ఇవ్వడం ఆమె పని. మొగుడూ పెళ్లాలిద్దరి కూడూ ఆ గుడ్డ మీదే. మంచం మీద ఆమె భర్త వెంకటాచలపతి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దారం మిల్లులో మేస్త్రిగా ఉన్న రోజుల్లో మిషన్ల రొద దాటుకుని వినబడేది ఆయన గొంతు. పెళ్లికి ముందు జక్కమ్మ ఆయన కిందే పనిచేసింది. పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చింది మొదలు ఆయన నోట ఒక్క మాట లేదు. నాలుక బాగానే ఉంది, మాట్లాడిస్తూ ఉండండి అన్నాడు డాక్టరు. పెళ్లాం ఎంత పిలిచినా పలకని మనిషి, టీవీలో వార్తలు చదివే ఆమెతో పాటు పెదాలు మాత్రం కదిపేవాడు. ధనభాగ్యానికి ఉన్న ఆశంతా అదే. ఇప్పుడు టీవీ చచ్చిపోయింది. ఆ పెదాలూ ఆగిపోయాయి.

"కొత్తది కొనే వసతి నాకు యాడుండాది జక్కమ్మా? ఇది ఆడకపోతే ఈయన ఇంగ ఇంతే," అంది ధనభాగ్యం.

జక్కమ్మ చపాతీ కర్రను గట్టిగా పట్టుకుంది. ఇక పిల్లను వెనక్కి లాక్కుపోయే దారి కూడా లేదు.

అది సర్కారు ఎప్పుడో ఊరికే ఇచ్చిన పాత డబ్బా టీవీ. గుడ్డలోంచి రాలే దూది, వాళ్ల మాటలో పంజు, పడకూడదని ధనభాగ్యం ముందు అద్దం ఒక్కటీ వదిలి, చుట్టూ మడతల మీద మడతలుగా బ్యాండేజీ గుడ్డ చుట్టి, వెనక కుట్టేసింది కూడా. తల పగిలిన మనిషికి కట్టు కట్టినట్టుంది.

"అత్తా, దీనికి ఊపిరాడేది వెనకుండే చిల్లుల్లోనే. మీరు ముక్కుకే కట్టు కట్టేసినారు," అంది శివరంజని.

"అయ్యో, పంజు పడకూడదనే గదా కట్టినాను!"

"ఆ గుడ్డలోని పంజే రాలి లోపలికి పోయుండాది."

కుట్లు విప్పి, మరలు తీసి, వెనక మూత ఎత్తింది. లోపల టీవీ కనబడలేదు. పెట్టెనిండా తెల్లటి దూది, వాకిట్లోంచి పడ్డ ఎండలో మబ్బులా వెలుగుతోంది. మనుషుల ఊపిరి తగిలితే మెల్లగా కదులుతోంది. మిల్లులో అంత దూది చూసిన జక్కమ్మ కూడా నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"ప్లగ్గు తీసినావు గదా?"

"తీసినాను. తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటాదిమా."

"తీసినాక కూడానా!"

ఆ నిలిచిన కరెంటును దించేందుకు శివరంజని తీగ కట్టిన స్క్రూడ్రైవరును లోపలికి పోనిచ్చింది. టప్పుమని నీలం మెరుపు. జక్కమ్మ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి కూతురు అక్కడే, అలాగే, కుంచెతో దూది తీస్తూ ఉంది. దూది తొలిగే కొద్దీ రాగి చుట్టలూ, రంగురంగుల చిన్న డబ్బాలూ, సన్నటి గీతల దారులూ బయటపడ్డాయి. పక్కనున్న సంజీవి కొండ మీంచి ఊరిని చూసినట్టుంది. అందులో తల ఉబ్బిన డబ్బా ఒకటి కనిపెట్టి పెరికింది, సంచిలోది ఇంకొకటి పెట్టి అతికించింది. గ్రైండరు స్విచ్చు కూడా ముట్టనీయకుండా పెంచిన పిల్ల! ఈ వేళ్లకు ఇంత ధైర్యం ఎప్పుడు వచ్చిందో, తన కడుపున పుట్టిన వేళ్లేనా ఇవి అని చూస్తూండిపోయింది జక్కమ్మ.

శివరంజని ప్లగ్గు పెట్టి స్విచ్చు మీదికి చెయ్యి పోనిచ్చింది.

"ఆగు!" అరిచింది జక్కమ్మ. "మేస్త్రి చెప్పనీ."

మిల్లులో మిషను కడుపు తుడిచాక మేస్త్రి వచ్చి, అడుగున వేలు రాసి, ఆ వేలు చూసుకుని చెప్పేదాకా స్విచ్చు ముట్టేవాళ్లు కారు.

"అమ్మా! మామ యాడ మాట్లాడతాడు?" గొణిగింది శివరంజని. ధనభాగ్యం చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"నాకు బయంగా ఉండాదే. ఆయన చెప్పనిదే వేయనీను."

ఆయనతో మాట్లాడించాలని కాదు. నిజంగానే భయం. ఆ భయంతోనే మంచం దగ్గరకు పోయింది.

"మేస్త్రీ, పంజంతా తీసినాము. వేయొచ్చునా?"

చాలాసేపటికి ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. ధనభాగ్యం పట్టి లేపి, టీవీ దగ్గర కూర్చోబెట్టింది. శివరంజని ప్లగ్గు పీకి పక్కకు జరిగింది. బాగున్న ఎడమచెయ్యి నెమ్మదిగా లేచి, పెట్టె అడుగున ఒక వేలు రాసింది. ఆ వేలు ఆయన కళ్ల ముందుకు వచ్చింది. పావడా కట్టిన వయసులో ఆ వేలుకు దడిచినట్టే ఇప్పుడూ దడిచింది జక్కమ్మ. వేలు శుభ్రంగా ఉంది.

వీధిలో షేర్ ఆటో ఒకటి ఆగి, మనుషుల్ని దించి, మళ్లీ పోయింది. జక్కమ్మ కర్ర పట్టుకుని అలాగే నిలబడి ఉంది, జవాబు కోసం.

ఆయన పెదాలు కదిలాయి. గొంతు రాలేదు. మళ్లీ కదిలాయి.

"వెయ్, జక్కా."