కారుకు శుక్రవారం బొట్టు

బోధన్‌లో బీడీలు చేసే ఆడవాళ్లలో భీమవ్వంత శుభ్రమైన మనిషి ఇంకొకరు లేరు. ఈ మాట ఎవరో అన్నది కాదు, భీమవ్వే అంటుంది. కాదని చెప్పే ధైర్యం ఆ వాడలో ఎవరికీ లేదు. ఆమె చేటలో తునికాకు ముక్క ఒక్కటైనా వంకరగా ఉండదు. ఆమె తోమిన ఇత్తడి బిందెలో మొహం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు. అలాంటి చేతులతోనే ఆమె కోడలి కొత్త కారు పాడుచేసింది.

కోడలు రుచిత డిచ్‌పల్లి యూనివర్సిటీ ఆఫీసులో పనిచేస్తుంది. భీమవ్వ కొడుకు కృష్ణను పెళ్లాడి ఈ ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. మంచి పిల్ల. అదే భీమవ్వకు వచ్చిన కష్టం. పప్పులో ఉప్పెక్కువైతే "పర్లేదత్తమ్మా" అంటుంది. స్నానానికి పెట్టుకున్న వేణ్నీళ్లు భీమవ్వ పొరపాటున గిన్నెలకు వాడేసినా "పర్లేదత్తమ్మా" అంటుంది. మాట తూలదు, మొహం మాడదు. తన ఈడుదే అయిన సాయవ్వతో బీడీలు చుడుతూ భీమవ్వది రోజూ ఇదే గోడు.

"సుట్టం లెక్క ఉంటదే సాయవ్వా. సుట్టమైతే నాలుగొద్దులుండి పోతది. ఈమె ఉండేదాయె. ఒక్కనాడన్న నోరిప్పి ఒక్క మాట అంటే నా పాణం నిమ్మలమైతుండె."

"నా కోడలును తోల్తనే, నెల దినాలు పెట్టుకో" అంది సాయవ్వ.

రుచిత తన జీతంతో కారు కొనుక్కుంది. చెరుకు ట్రాక్టర్లు అడ్డదిడ్డంగా వచ్చే రోడ్డు మీద ఒంటరిగా నడపడానికి ఇంకా భయం. అందుకని రోజూ బస్సుకే పోతుంది. ఆదివారం మాత్రం కృష్ణను పక్కన కూర్చోబెట్టుకుని నడుపుతుంది. మిగతా ఆరు రోజులూ కారు ఇంటి ముందు రేకుల కింద ఉంటుంది. లోపల గేరు చుట్టూ, ముందున్న టచ్ తెర కింద, నల్లగా నిగనిగలాడే ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఉంది. రుచితకు ఆ నలుపంటే ప్రాణం. కారు వచ్చిన రోజే చెప్పింది.

"అత్తమ్మా, ఈ నల్లదాన్ని పొడిగుడ్డతో తుడవద్దట. షోరూమోళ్లు మరీమరీ చెప్పిండ్రు."

భీమవ్వ సరేనంది. అయితే కొంగు కూడా గుడ్డ కిందికే వస్తుందని ఆమెకు తోచలేదు.

శుక్రవారం వస్తే ఆమె గడపకూ రోలుకూ బీడీల చేటకూ పసుపు కుంకుమ పెడుతుంది. ఇంట్లో కొత్తగా చేరిన కారుకు పెట్టకుండా ఎలా ఉంటుంది? బయట బానెట్ మీద పెట్టింది. లోపల కూర్చునేవాళ్లకు ఎవరు కాపలా అని, ఆ నల్ల పట్టీ మీద కూడా ఒక బొట్టు పెట్టింది. ఆదివారం రుచిత దాన్ని చూసి, ఒక్క క్షణం ఆగి, "పర్లేదత్తమ్మా" అంది.

మళ్లీ శుక్రవారం వచ్చింది. పాత బొట్టు తియ్యకుండా కొత్త బొట్టు పెట్టడం ఆమె ఇంటావంటా లేదు. మెండోర నుంచి ఆమె అన్న పంపిన కొమ్ములను ఇంట్లోనే దంచి చేసిన పసుపది, కాస్త బరకగా ఉంటుంది. దాని మీద వారం రోజుల రోడ్డు దుమ్ము. కొంగు తీసి గట్టిగా ఒత్తి తుడిచింది. బొట్టు పోయింది. దాని చోట సన్నటి గీతలు తేలాయి, గీతల్లో పసుపు ఇరుక్కుంది. మరక అనుకుంది భీమవ్వ. మరకకు ఆమె దగ్గర నలభై ఏళ్ల మందుంది: కొబ్బరి పీచు, బూడిద. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది.

తోమి నీళ్లతో కడిగితే నలుపు తళతళమంది. గెలిచాననుకుని చాయ్ పెట్టుకోవడానికి పోయింది. చాయ్ తాగి వచ్చేసరికి నీళ్లారి, పట్టీ అంతా సుద్దముక్కతో రాసి చెరిపిన పలకలా తెల్లబడి ఉంది. లోపలికి పరుగెత్తి సీసా తెచ్చి కొబ్బరి నూనె రాసింది. మళ్లీ నల్లబడింది. ఇంతలో రెండు చెరుకు ట్రాక్టర్లు పోయాయి. ఆ దుమ్మంతా వచ్చి నూనె మీద వాలింది.

అప్పుడు భీమవ్వ కారు తలుపు మూసి, గడప మీద కూర్చుని ఏడ్చింది. ఎల్లుండి ఆదివారం పోచంపాడ్ డ్యామ్ చూడటానికి పోదామనుకున్నారు. రుచిత కారెక్కుతుంది, చూస్తుంది, మళ్లీ ఆ పాడు "పర్లేదు" అంటుంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ మనసు విప్పి మాట్లాడదు. ఆమె భయమంతా అదే.

సాయవ్వ కొడుకు రామ్‌దాస్‌కు నిజామాబాద్ రోడ్డు మీద కార్లు కడిగి పాలిష్ పట్టే దుకాణం ఉంది. భీమవ్వ గోడు విని సాయవ్వ పంపితే, శనివారం పొద్దున ఆమె కొడుకు కృష్ణా కోడలూ పనులకు పోగానే సంచీ వేసుకుని వచ్చాడు. కారు తలుపు తీసి వంగి చూశాడు.

"దేంతోని రుద్దినవవ్వా?"

"కొంగుతోని."

"కొంగుతోని గీతలు గింతగనం పడయి."

"జర బూడిదతోని."

"ఇంకా?"

"పీసుతోని."

రామ్‌దాస్ నెత్తి పట్టుకున్నాడు. "ఇది బిందె కాదవ్వా!"

"మెరుస్తలేదా మరి? మెరిసేటిదాన్ని తోముతరు గద!"

రామ్‌దాస్ సంచీ విప్పాడు. పనిలో దిగాడు. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి మూలల్లో దుమ్ము లేపాడు. మెత్తటి కుంచెతో దులిపాడు. సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో నూనె తీశాడు, రుద్దకుండా, ఒకే దిక్కుకు లాగుతూ. భీమవ్వ పక్క సీట్లో కూర్చుని కన్నార్పకుండా చూసింది.

"చూడవ్వా, ముందుగాల దుమ్ము పోవాలె, తర్వాతనే గుడ్డ ముట్టాలె. దుమ్ము మీద గుడ్డ పెడితే గది ఉప్పుకాగితమే. చేతికి ఉంగరమున్నా, గాజులున్నా తీసి పెట్టాలె."

"మరి పడ్డ గీతలెట్ల పోతయి రా?"

"గీత అంటే మరక కాదవ్వా, గుంత. గుంతను పూడ్చం. సుట్టు ఉన్నదాన్ని గుంత లెవెల్‌కు దించుతం."

"మడి చదును చేసినట్టు."

"గంతే. గని ఈ మడి కాగితమంత పలసన. ఎక్కువ గోకితే ఖతం. లోతు గీతలను ఇడిసిపెట్టాలె."

పక్కల కాగితం టేపు అంటించి, చిన్న మిషన్‌కు స్పాంజి బిళ్ల తగిలించి, బఠానీ గింజంత పాలిష్ పేస్టు పెట్టాడు. కొంచెం తిప్పడం, ఆపడం, వేడెక్కిందేమో వేలితో చూడటం, తుడవడం. తెల్లదనం మెల్లమెల్లగా తగ్గింది. మధ్యాహ్నానికి భీమవ్వ మొహం మళ్లీ ఆ నలుపులో కనిపించింది. సంతోషంతో ఆమె దాన్ని తడమబోతే రామ్‌దాస్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

అయినా గేరు పక్కన బీడీ అంత పొడుగు గీత ఒకటి మిగిలిపోయింది. పీచు చేసిన ఘనకార్యం అది.

"ఇది పోదవ్వా. సేమ్ నలుపుది ఫిలిం ఉంటది, పైన అంటిస్త. ఇంక గీతలు గూడ పడయి. మీ కోడలు తిప్పి తిప్పి చూసినా తెల్వది."

భీమవ్వకు ప్రాణం లేచి వచ్చింది. తెలియదు! ఫిలిం ముక్క కత్తిరించడానికి రామ్‌దాస్ కత్తెర తీశాడు కూడా. అప్పుడు ఆమెకు ఒక సంగతి తట్టింది. తెలియకపోతే కోడలు ఏమీ అనదు. రేపు కూడా ఏమీ అనదు, మరో ఆరు నెలలు కూడా ఏమీ అనదు. దాచినదాన్ని తొక్కిపెట్టుకుని ఇకనుంచి తను కూడా ఆ పిల్ల ముందు చుట్టంలాగే మసలుకోవాలి. ఒక్క ఇంట్లో ఇద్దరు చుట్టాలైతే ఇక ఇంటివాళ్లెవరు?

"ఇప్పుడెయ్యకు" అంది. "నా కోడలుకు సూపిచ్చినంక ఎయ్యి."

"తిడతదేమో అవ్వా."

"నీకు చాయ్ పెడత, తాగి పో" అంది భీమవ్వ.

సాయంత్రం రుచిత బస్సు దిగి వచ్చి, సంచీ అరుగు మీద పెట్టిందో లేదో, భీమవ్వ ఎదురుపోయి నిలబడింది.

"బిడ్డా, నీ కారు ఖరాబ్ చేసిన."

కొంగు దగ్గర మొదలుపెట్టి పీచు దాకా, నూనె దాకా, రామ్‌దాస్ దాకా, ఒక్కటీ దాచకుండా చెప్పింది. చెప్పి తలుపు తీసి, మిగిలిన గీత చూపించింది. రుచిత వంగి చూసింది.

"పర్లే..." అని రుచిత ఆగింది. మళ్లీ గీత వైపు చూసింది. మొహం ఎర్రబడింది.

"ఎట్ల పర్లేదంట! బూడిద పెట్టి తోమినవా అత్తమ్మా? కారును! పొడిగుడ్డ వద్దని నీకు చెప్పిన్నా లేదా? చెప్పిన్నా?"

"చెప్పినవ్ బిడ్డా" అంది భీమవ్వ. ఆమె కళ్లు మెరిశాయి.

"నా చున్నీతోని గూడ తుడవలే నేను. రెండు ఊళ్లు తిరిగి ఏరుకున్న దీన్ని! నీ బొట్టు చూసి గూడ ఊకున్న. అడిగితే నేనే తడిగుడ్డతోని తీద్దునుగద! ఇంకోటి చెప్తున్న, పొద్దుగాల చాయల గంత అల్లం ఎయ్యకు. ఆర్నెల్ల సంది గొంతు మండి చస్తున్న!"

అంతవరకు తల వంచుకుని తిట్లు పడుతున్న భీమవ్వకు ఇక్కడ పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఆర్నెల్ల సంది తాగుడెందుకు మరి? నోరు లేదా నీకు? గా అల్లం నేను నీ కోసమని కూరగాయలమ్మేటామె దగ్గర తాజాది ఏరి తెస్తున్న!"

"నాకోసమా? నీకిష్టమని నేను మింగుతున్న!"

"నాకెందుకిష్టం? నాకసలే కడుపుల మంట!"

ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. అప్పుడే కృష్ణ బండి దిగాడు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో పెద్ద గొంతు వినడం అదే మొదలు. అమ్మను చూశాడు, పెళ్లాన్ని చూశాడు, గాబరాగా మధ్యలోకి వచ్చి, "ఏమైంది, ఇద్దరు జర ఆగుండ్రి" అన్నాడు.

"నువ్వు జరుగు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆ మాటకు ముందుగా రుచితకే నవ్వొచ్చింది. ఆపుకోలేక కారు తలుపు పట్టుకుంది. భీమవ్వ నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయి అల్లం లేకుండా చాయ్ పెట్టింది. మూడు గ్లాసులు అరుగు మీదికి తెచ్చి తనే ముందు ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"కడుగునీళ్ల లెక్క ఉన్నది."

"నాకు మంచిగున్నది" అంది కోడలు. "ఇంకింత పొయ్యి."