చెరువు లోతు ఐదు

రైతు రత్తయ్య చెరువులో రొయ్యలు చచ్చిపోయాయని తెలిసిన రోజు మధ్యాహ్నమే సింధూరి బెంజ్ సర్కిల్లో బస్సెక్కింది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే యజమాని లక్ష్మీకాంత్ గారు వెళ్లనివ్వరు. ఆయన పొద్దున్నే తేల్చేశారు: "రైతు తప్పు నంబరు కొట్టాడమ్మా. మనకేం సంబంధం?"

రత్తయ్య కొట్టింది ఐదు. వాళ్ల కృత్తివెన్ను వైపు చెరువు లోతు ఎవరు చెప్పినా అడుగుల్లోనే చెబుతారు. సింధూరి తయారుచేసిన సిమ్యులేషన్‌లో చెరువు లోతు, వదిలిన రొయ్యపిల్లల లెక్క, నీటి వేడి ఒక్కో గడిలో వేస్తే, రాత్రికి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఎన్ని తిప్పాలో చెబుతుంది. అందులో లోతు గడి అడిగేది మీటర్లు. ఐదు మీటర్లంటే బావి గాని చెరువా? అయినా అది నోరు మూసుకుని నమ్మేసింది. అన్ని నీళ్లుంటే గాలికేం కరువు, రెండు ఏరియేటర్లు చాలంది. ఆయన మిగతావి ఆపేశాడు. ఇంకో వారంలో రొయ్యలు పట్టి అమ్ముకోవాలనగా, తెల్లారేసరికి చెరువంతా చచ్చి తేలాయి.

ఆ సిమ్యులేషన్‌కి నోరుండేది ఒకప్పుడు. లోతు రెండున్నర మీటర్లు దాటితే తెర మీద ఎర్ర పెట్టె వచ్చేది. "ఈ లోతు సరిగా లేదు, అడుగుల్లో వేశారేమో చూడండి" అని తెలుగులో చెప్పి, సరిచేసేదాకా ముందుకు కదలనిచ్చేది కాదు. సింధూరి ముచ్చటపడి రాసుకున్నది అది. తీరా కొనేవాళ్ల ముందు చూపిస్తుంటే, లక్ష్మీకాంత్ గారు కొట్టిన నంబరుకే ఆ పెట్టె ఊడిపడింది. ఆయన మొహం మాడిపోయింది. "ఎర్ర రంగు చూస్తే రైతు మళ్లీ ముట్టుకోడు. తీసెయ్యమ్మా" అన్నారు.

తీయకూడదని తెలుసు. తెలిసీ తలూపింది. మనసు ఊరుకోక అడుగున బూడిదరంగులో, ఇంగ్లీషులో లోతు మీటర్లలోనే వేయాలని ఒక్క లైను ఉంచి, హెచ్చరించాను కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇంగ్లీషు రాని మనిషికి ఇంగ్లీషులో హెచ్చరిక! ఇప్పుడు తలుచుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

చెరువు గట్టు దూరం నుంచే కంపు కొడుతోంది. రత్తయ్య చచ్చిన రొయ్యల్ని వలతో లాగి గుట్టపోస్తున్నాడు. ఆమెను చూడగానే చేతులు లుంగీకి తుడుచుకుని, షెడ్డులోంచి కుర్చీ తెచ్చి వేశాడు. సిమ్యులేషన్ వాడటం నేర్పడానికి ఆమె వచ్చిన రోజు కూడా అదే కుర్చీ వేశాడు.

"ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా? నేనే తప్పు కొట్టానంట గదా. మీ ఆఫీసోళ్లు ఫోన్లో చెప్పారు. నా మూలాన మీకు చెడ్డపేరు."

సింధూరి ఆ మాట అలాగే ఒప్పుకుని వెనక్కి వెళ్లిపోవచ్చు. ఎవరూ అడగరు.

"తప్పు మీది కాదు బాబాయ్. అలా కొడితే ఆపేది ఒకటి ఉండేది. ఎర్రగా వచ్చి, తెలుగులో చెప్పేది. నేనే తీసేశాను."

రత్తయ్య కుర్చీ దగ్గరే నిలబడి అడిగాడు.

"ఎందుకు తీశావమ్మా?"

"ఎర్రగా కనిపిస్తే మీరు భయపడి వదిలేస్తారని మా యజమాని అన్నారు."

"భయపడితే నీకు ఫోన్ చేసేవాణ్ణి గదమ్మా! నంబరు ఇచ్చి వెళ్లావుగా."

కోపంగా అనలేదు. అనేసి, వల తీసుకుని మళ్లీ నీళ్లలోకి దిగాడు. ఆ కుర్చీలో కూర్చోడానికి సింధూరికి మొహం చెల్లలేదు.