ఒక్క పిల్ల కోసం సీసా

టైలరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో అందరూ ఎరుగుదురు. చొక్కా బిగుతైందని ఎవరైనా అంటే, టేపు తప్పు చెప్పదు, తప్పంతా తిండిదే అని మొహం మీదే అనేస్తుంది. అయినా జనం ఆమె దగ్గరికే వస్తారు. కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కించే చేయి ఆమెది.

ఆమెకు ఒక్కతే కూతురు. కాలు ఒకచోట నిలవదు కాబట్టి ఇంటిల్లిపాదీ మిడత అంటారు. ఆ మిడత ఇంకా పాకే పిల్లగా ఉన్నప్పుడే మహమ్మారి వచ్చి ఊళ్ళకు ఊళ్ళు తలుపులు బిడాయించుకున్నాయి. తట్టు టీకా వేయించాల్సిన నెల కూడా అదే. అత్తగారు వద్దు మొర్రో అంటున్నా వినకుండా టైలరమ్మ మూతికి రెండు మాస్కులు తగిలించుకుని, పిల్లను చంకనేసుకుని ఎండలో ఆరోగ్య కేంద్రానికి నడిచింది. అక్కడ నర్సమ్మ ప్లాస్టిక్ కోటులో చెమటలు కక్కుతూ, ఇంకెవరూ రాలేదా అని అడిగింది. సీసాలో పదిమందికి సరిపడా మందు ఉంటుందట. పొడిలో నీళ్ళు కలిపితే ఆ పూటకే పనికొస్తుందట, మిగిలింది పారబోయాలట. ఒక్క పిల్ల కోసం తెరిస్తే పైవాళ్ళు ఊరుకోరని, వచ్చే వారం రమ్మంది. వచ్చే వారమూ టైలరమ్మ ఒక్కతే వెళ్ళింది. నర్సమ్మ మళ్ళీ అదే పాట పాడింది.

"మిగతా తొమ్మిది మందినీ నేనే కని తీసుకురావాలా?" అని అడిగేసి ఇంటికొచ్చింది టైలరమ్మ.

ఆ మాట ఆమెకే తెగ నచ్చింది. మహమ్మారి సద్దుమణిగాక కొలతలకు వచ్చిన ప్రతి తల్లికీ చెప్పింది, చెప్పిన ప్రతిసారీ కాస్త మసాలా దట్టించింది. విన్నవాళ్ళు పడీపడీ నవ్వి, ఆ కేంద్రం గడప మనమెందుకు తొక్కాలి అనుకుంటూ పోయేవారు. తర్వాత నర్సమ్మే ఇల్లిల్లూ తిరిగి, తప్పిపోయిన టీకాలు వేస్తాం రండని పిలిచింది. టైలరమ్మ మిషను ఆపకుండానే, ప్రైవేటులో వేయించేశాం అంది. వేయించలేదు. వేయించాలనే అనుకుంది, కానీ బడులు తెరిచే కాలం, చేతి నిండా పని. రేపు మాపు అంటూ ఆ సంగతే అటకెక్కింది. పైగా ఆ జవాబు ఎంత నున్నగా పనిచేస్తుందో చూసి తోడికోడలికి కూడా నేర్పింది. ఆ ఒక్క ముక్క అంటే చాలు, నర్సమ్మ గుమ్మంలోంచే వెళ్ళిపోతుందని చెప్పింది.

ఒకరోజు ఎవరో పిల్లవాడు తల్లితో పాటు యూనిఫారం కొలతలకు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది, ఒకటే దగ్గు. జలుబే అంది తల్లి. వాడు చేతులు చాచి నిలబడినంతసేపూ మిడత వాడి కాళ్ళ దగ్గరే గుండీల డబ్బాతో ఆడుకుంది. మర్నాడు పొద్దున ఆ తల్లి ఫోన్ చేసి, చొక్కాకు తొందరేమీ లేదు, వాడికి ఒళ్ళంతా తట్టు పోసిందని చెప్పింది.

టైలరమ్మ మిషను ఆపేసి పిల్లను ఎత్తుకుంది. మా కాలంలో తట్టు ఎవరికి రాలేదు గనక, అదే తగ్గిపోయేది అంది అత్తగారు. ఆమె తమ్ముడికి తగ్గలేదు, తట్టుతోనే పోయాడు. అది టైలరమ్మకు తెలుసు. అత్తగారికీ గుర్తొచ్చినట్టుంది, పిల్ల చెప్పులు వెతికి తెచ్చింది.

కేంద్రంలో ఆ రోజు టీకాల రోజు కాదు. బెంచీలన్నీ ఖాళీ. నర్సమ్మ ఒక్కతే కూర్చుని దూది ఉండలు చేస్తోంది. టైలరమ్మ దారి పొడవునా మాటలు కూడగట్టుకుంది గానీ, ఎదురుగా నిలబడేసరికి అవన్నీ మరిచిపోయింది.

"ప్రైవేటులో వేయించామన్నాను చూడండి, అది అబద్ధం," అంది చివరికి. ముందురోజు సంగతి చెప్పి, ఇప్పుడు వేస్తే ఆగుతుందా అని అడిగింది.

తగిలిన మూడు రోజుల్లోపు వేస్తే ఆగే అవకాశం ఉందని చెప్పి, నర్సమ్మ ఫ్రిజ్ లోంచి సీసా తీసింది.

"ఒక్క పిల్లేనండీ," అంది టైలరమ్మ. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే భయపడింది.

"ఒక్కరికైనా తెరవాలమ్మా. అప్పుడే తెరవాల్సింది," అంది నర్సమ్మ, పొడిలో నీళ్ళు కలుపుతూ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సూది దిగగానే మిడత పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చి, నర్సమ్మ చేతి గడియారం ఇవ్వగానే ఊరుకుంది. మిడతకు తట్టు రాలేదు. ఇది మనకు తెలుసు గానీ అప్పటికి టైలరమ్మకు తెలియదు. ఆ తర్వాత చాలా రోజులు పొద్దున లేస్తూనే పిల్ల చెవుల వెనక దద్దుర్లు మొదలయ్యాయేమోనని వెతుక్కుంటూనే ఉంది.

ఆ పూట మాత్రం ఆమె కన్ను సీసా మీద పడింది. మిగిలింది సాయంత్రానికి పారబోయాల్సిందేనా అని అడిగింది. అంతే అంది నర్సమ్మ. టైలరమ్మ పిల్లను ఆమె ఒళ్ళో కూర్చోబెట్టి చెప్పులేసుకుంది. వీధిలో ఏ పిల్ల భుజం ఎంతో ఆమెకు తెలుసు. ఎవరికి టీకా పడలేదో ఇంకా బాగా తెలుసు, వాళ్ళ తల్లుల్ని నవ్వించి పంపింది తనే కదా.

మొదటి ఇళ్ళవాళ్ళు తేలిగ్గానే కదిలారు. యూనిఫారం పిల్లవాడి కబురు చెవిన పడగానే పిల్లల్ని ఎత్తుకుని బయల్దేరారు. చివరిది తోడికోడలి ఇల్లు. మిడత ఈడు కొడుకు ఒంటి మీద చొక్కా లేకుండా గుమ్మంలో గిన్నె వాయిస్తున్నాడు. టీకా మాట ఎత్తగానే తోడికోడలు పొయ్యి దగ్గర్నుంచి తల కూడా తిప్పకుండా, "ప్రైవేటులో వేయించేశామక్కా," అంది.

అదే మాట. అదే తీరు, చేతిలో పని ఆపకుండా. టైలరమ్మకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఇంకొకరైతే నమ్మి వెళ్ళిపోయేవారు. నర్సమ్మ అలాగే నమ్మి వెళ్ళిపోయింది.

టైలరమ్మ లోపలికెళ్ళి పొయ్యి కట్టేసింది.

"ఆ మాట నేను కుట్టి ఇచ్చిందే, చెల్లీ," అంది. "వాడికి సరిపోదు. చొక్కా తీసుకురా."

ఆ గొంతులో కోపం లేదు. అక్క అలా మాట్లాడగా తోడికోడలు ఎన్నడూ వినలేదు. చేతులు తుడుచుకుని చొక్కా తెచ్చింది. పిల్లవాడికి తొడిగింది టైలరమ్మే. కళ్ళు మూసుకుని దారం ఎక్కించే ఆ చేయి గుండీలు మాత్రం ఎంతకీ పెట్టలేకపోయింది.